ఊరికి పోలేని మొదటి సంక్రాంతి: ఒక్క పొయ్యి మీద పండగ వంట

నాయనా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఊరు అమలాపురం దగ్గర. రేణిగుంట వైపు కంపెనీలో చేరి ఆరు నెలలు. లీవు దొరకలేదు, సంక్రాంతి రోజే మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు. కొర్లగుంటలో గది, గదిలో ఒక ఇండక్షన్ పొయ్యి, మూడు లీటర్ల కుక్కరు, ఒక మిక్సీ. తోడుకి నీలాగే ఆగిపోయిన శ్రీకాకుళం కుర్రాడు. అరిసెలు, బొబ్బట్లు, పులిహోర, గారెలు, పరమాన్నం, గుమ్మడికాయ దప్పళం, ఇంట్లో అమ్మ చేసేవన్నీ పన్నెండు లోపల ఎలా చెయ్యాలని అడిగావు. చివర్లో ఇంకో మాట కూడా అడిగావు, వీడియో కాల్‌లో అమ్మ ఏడవకుండా ఏం చెయ్యాలని.

నేను 2004 నుంచి తిరుపతిలో మా ఇంట్లోనే మెస్సు నడుపుతున్నాను. రోజూ నలభై మంది దాకా తింటారు, దాదాపు అందరూ ఊళ్ళు వదిలి వచ్చిన పిల్లలే. సంక్రాంతికి మూడు రోజులు మెస్సు మూస్తాను కాబట్టి, ఊరికి పోలేనివాళ్ళు భోగి ముందురోజు వచ్చి గుమ్మంలో నిలబడి అచ్చం నువ్వు అడిగిందే అడుగుతారు. వాళ్ళకు చెప్పేదే నీకూ చెప్తున్నాను.

ముందు ఆ జాబితా చిన్నది చెయ్యి. అరిసెలు ఈ ఏడాదికి వద్దు. తడిబియ్యం దంచిన పిండి కావాలి, పాకం ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే అరిసె నూనెలోనే విడిపోతుంది, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలపాలి. పదేళ్ళుగా చేస్తున్నవాళ్ళే పాకం దగ్గర మాట్లాడకుండా నిలబడతారు. బొబ్బట్లు కూడా అంతే, మొదటిసారి చేసినప్పుడు పూర్ణం బయటికి వచ్చి పెనానికి అంటుకుంటుంది. ఆ రెండూ కొనుక్కో. మిఠాయి అంగట్లో బొబ్బట్లంటే తెలుస్తుంది గానీ, ఇళ్ళల్లో చేసి అమ్మే ఆడవాళ్ళని ఓళిగలు అని అడుగు, పోళీలు అని కూడా అంటారు. గారెలు కనుమకు తోసెయ్యి. కనుమ నాడు మినుము తినాలన్నారు, ఆ పొద్దున టిఫిన్ సెంటర్లో వేడివేడి వడ తిన్నా మినుము తిన్నట్టే. పులిహోర నీకు ఎప్పుడైనా చేసుకోవచ్చు, గుడిలోనూ దొరుకుతుంది.

ఇక మిగిలేవి రెండు, పరమాన్నం బదులు పొంగలి, దానితో దప్పళం. వాటితో తెల్లన్నం, పెరుగు. పొంగలి ఈ నేలది, దప్పళం మీ అమ్మది. పండగ ఆకుకి అవి చాలు.

సరుకులకు పోయే ముందు ఒకటి తెలుసుకో. ఇక్కడ కూరగాయల పేర్లు మీ వైపు పేర్లు కావు. దప్పళంలోకి ఆనపకాయ ముక్కలు వెయ్యమని మీ అమ్మ చెప్తుంది. నువ్వు రైతుబజారులో ఆనపకాయ అని అడిగితే పచ్చటి చిక్కుడు లాంటి కాయలు కొలిచి సంచిలో పోస్తారు. అవి అనపకాయలు. మీ ఆనపకాయకు ఇక్కడ సొరకాయ అనాలి. చిలగడదుంప మాకు గెనుసుగడ్డ, ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, కొబ్బరికాయ టెంకాయ, మినప్పప్పు ఉద్దిపప్పు, తాలింపు తిరగవాత. మెస్సులో కొత్తగా చేరిన గోదావరి పిల్లవాడు ఒకడు ఆనపకాయ కూర పెట్టమని వారం రోజులు అడిగాడు. నేను వారంలో మూడుసార్లు అనపగింజల కూర పెట్టాను. ఇష్టంగా తింటున్నాడనే అనుకున్నాను. వాడికి కావాల్సింది సొరకాయ అని తెలిశాక నాకు చాలా బాధేసింది. అప్పటినుంచి ఎవరు ఏ జిల్లా నుంచి వచ్చినా ముందు కూరగాయ చేతికిచ్చి పేరు చెప్పమంటాను.

కొనాల్సినవి భోగి ముందురోజే తెచ్చుకో. పండగ పొద్దున అంగళ్ళు తెరుస్తారని నమ్ముకోవద్దు. ఇద్దరికి కొత్తబియ్యం పావుకిలో, పెసరపప్పు వంద గ్రాములు, బెల్లం పావుకిలో, నెయ్యి, పది జీడిపప్పులు, కాస్త ఎండుద్రాక్ష, మూడు యాలక్కాయలు, అర లీటరు పాలు. చిత్తూరులో పెద్ద బెల్లం మార్కెట్టే ఉంది, మంచి బెల్లం నీకు వీధి చివర అంగట్లోనే దొరుకుతుంది. మరీ పసుపు పచ్చగా మెరిసేది కాకుండా కాస్త ముదురు రంగుది తీసుకో. ఎంత మంచి బెల్లమైనా అడుగున ఇసుక ఉంటుంది, వడకట్టకుండా వెయ్యొద్దు.

పొంగలి దగ్గర కొంచెం నిలబడి వివరంగా చెప్తాను, ఎందుకంటే నా మొదటి పండగ పాడైంది ఇక్కడే.

మాది పలమనేరు పక్క పల్లె. 1999లో కాకినాడలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు, పండగ ఇల్లు దాటి చేసుకోవడం అదే మొదలు. కిరోసిన్ పొయ్యి మీద పాలు పొంగించాను, బియ్యం పోశాను, ఉడుకుతుండగానే బెల్లం కొట్టి వేశాను. పాలు విరిగిపోయాయి. పైన నీళ్ళు తేలాయి, కింద తెల్లటి ముద్దలు. అంతకన్నా నన్ను బాధపెట్టింది బియ్యం. ఇంకో అరగంట ఉంచినా పలుకు మెత్తబడలేదు. మంచం మీద కూర్చుని ఆ గిన్నె చూస్తూ ఏడ్చాను. ఎందుకలా అయిందో తర్వాత తెలిసింది. బెల్లంలో కాస్త పులుపు ఉంటుంది, మరుగుతున్న పాలల్లో పడితే పాలు విరుగుతాయి. బెల్లం పడ్డాక బియ్యం ఇక మెత్తబడదు, ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. కాబట్టి మెతుకు వేలితో నలిపితే వెన్నలా నలిగేదాకా ఉడికించి, పొయ్యి దించి, అప్పుడు బెల్లం నీళ్ళు కలపాలి.

నీ పొయ్యి మీద ఇలా చెయ్యి. ముందురోజు రాత్రే బెల్లం తురిమి, టీ గ్లాసుతో ఒకటింపావు గ్లాసు బెల్లానికి అర గ్లాసు నీళ్ళు పోసి కరిగించి, వడకట్టి మూత పెట్టుకో. పాకం రానక్కర్లేదు. పొద్దున స్నానం చేసి ముందు చిన్న గిన్నెలో పాలు పొంగించు. మా వైపు పాలు తూర్పుకి పొంగితే మంచిదంటారు. పాలు ఒలికి అద్దం మీద పడితే ఇండక్షన్ చప్పుడు చేసి ఆగిపోతుంది, అందుకని గిన్నె అంచు దాకా పొంగు రాగానే స్విచ్చి ఆపెయ్యి. రెండు చుక్కలు పక్కకు జారితే చాలు, పొంగినట్టే. అమ్మ ఇచ్చి పంపిన ఇత్తడి గిన్నె ఉంటే దాన్ని ఈ పొయ్యి మీద పెట్టొద్దు, వేడెక్కదు. ఏ గిన్నెకైనా అడుగున అయస్కాంతం అతుక్కుంటేనే ఇండక్షన్ పనిచేస్తుంది. ఇత్తడి గిన్నెలోకి వండిన పొంగలి మార్చి దేవుడి ముందు పెట్టుకో.

కుక్కర్లో ఒక చెంచా నెయ్యి వేసి పావు గ్లాసు పెసరపప్పు వాసన వచ్చేదాకా వేయించు. ఒక గ్లాసు బియ్యం కడిగి పొయ్యి, నాలుగు గ్లాసుల నీళ్ళు, చిటికెడు ఉప్పు. కొత్తబియ్యం నీళ్ళు తక్కువ తాగుతుంది, పొంగలికి కావాల్సిన జిగురు దానికే ఉంటుంది. పాతబియ్యమైతే ఇంకో అర గ్లాసు నీళ్ళు. మధ్య మంట మీద ఐదు కూతలు. ఆవిరి దానంతట అది పోయాక గరిటెతో మెదిపి, పొంగించిన పాలు ఒక గ్లాసు పోసి, చిన్న మంట మీద పాలన్నీ లోపలికి ఇంకేదాకా కలుపు. దించు. పది నిమిషాలు ఆగు. గోరువెచ్చగా ఉన్న బెల్లం నీళ్ళు పోసి కలుపు. మరీ పలచగా ఉందని భయపడొద్దు, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. మూడు చెంచాల నెయ్యిలో జీడిపప్పు, ద్రాక్ష వేయించి పోసి, యాలక్కాయ పొడి చల్లు. పచ్చకర్పూరం వేస్తే గుడి ప్రసాదం వాసన వస్తుంది, కానీ అర బియ్యపుగింజంతే. ఎక్కువైతే చేదు.

కాకినాడలో ఆ రోజు ఏం జరిగిందో సగంలో వదిలేశాను. ఇంటి మామ్మగారు మేడ మెట్లెక్కి వచ్చి, విరిగిన గిన్నె చూసి ఏమీ అనకుండా కిందికి వెళ్ళారు. ఒక స్టీలు గిన్నె నిండా దప్పళం, పైన అరిటాకు ముక్క మూత పెట్టి తెచ్చారు. నేను అంతకుముందు ఎప్పుడూ తినలేదు. మా వైపు గుమ్మడికాయ పులుసు కారంగా ఉంటుంది. ఇది తియ్యగా, పుల్లగా, ముక్క పెద్దగా, తొక్కతో సహా ఉంది. ఆవిడ దగ్గర నేర్చుకున్నదే ఇది. మీ అమ్మ చేతిలో కాస్త తేడా ఉండొచ్చు. తేడా ఉన్నచోట అమ్మ మాటే విను.

పావుకిలో గుమ్మడికాయ, ఒక గెనుసుగడ్డ, ఒక మునక్కాయ, నాలుగు వేళ్ళ పొడవు సొరకాయ, రెండు పచ్చిమిరపకాయలు, ఒక ఎర్రగడ్డ పెద్ద ముక్కలుగా. నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టు. గెనుసుగడ్డ, మునక్కాయ ముందు వేసి ఉప్పు, పసుపు, ముక్కలు మునిగేటన్ని నీళ్ళతో ఎనిమిది నిమిషాలు ఉడికించు. తర్వాత సొరకాయ, ఎర్రగడ్డ, పచ్చిమిర్చి, గుమ్మడికాయ వేసి ఇంకో ఏడు నిమిషాలు. ముక్క గుచ్చితే దిగాలి, విరగకూడదు. చింతపండు పులుసు ఆ తర్వాతే పొయ్యాలి, పులుపు ముందే పడితే ముక్క మెత్తబడదు. కారం ఒక చెంచా, బెల్లం రెండు చెంచాలు వేసి పది నిమిషాలు మరగనివ్వు. ఒకటిన్నర చెంచా బియ్యప్పిండి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి పోసి ఇంకో రెండు నిమిషాలు. చివరిగా ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో తిరగవాత. మెంతులు ఎర్రబడగానే దించు, నల్లబడితే దప్పళమంతా చేదెక్కుతుంది.

పొయ్యి ఒక్కటే కాబట్టి వరస ముఖ్యం. ఏడింటికి పాలు, ఏడున్నరకు కుక్కరు. కుక్కర్లో ఆవిరి పోయేదాకా పొయ్యి ఖాళీగా ఉంచొద్దు, కుక్కరు పక్కన పెట్టి దప్పళం గిన్నె ఎక్కించు. దప్పళం దించాక పొంగలికి పాలు పోసి ముగించు. కుక్కరు కడిగి పదిన్నరకు తెల్లన్నం. పదకొండున్నరకు ఇద్దరూ ఆకు ముందు కూర్చుంటే, ఒంటి గంటకు నింపాదిగా బయల్దేరొచ్చు. దప్పళం సాయంత్రానికి ఇంకా బాగుంటుంది. షిఫ్టుకు డబ్బాలో అది పెట్టుకుని పొంగలి రాత్రికి ఉంచుకో. గట్టిపడితే రెండు చెంచాల వేడి పాలు కలుపు.

ఇంకొకటి ఉంది. అది పండగ రోజుది కాదు, భోగి రాత్రిది. నువ్వు అడగలేదు గానీ ఇక్కడికొచ్చి సంక్రాంతి చేసుకుంటూ పితికిపప్పు, అంటే తోలు తీసిన అనపగింజల కూర, తినకపోతే నాకు మనసొప్పదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి, చిత్తూరు, అన్నమయ్య అని జిల్లాలు వేరైనా, ఈ చలికాలం అనపకాయ దిగగానే ఇటు పొలాల ఊళ్ళల్లో ఒకటే వాసన. పొరపాటున నీ సంచిలో పడబోయే ఆ కాయలే, ఈసారి కావాలనే ఒక కిలో తీసుకో. పొద్దున ఒలిచి గింజలు నానబెట్టు. రాత్రికి గింజ ఉబ్బి పైతోలు వదులవుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే పప్పు చటుక్కున జారి పళ్ళెంలో పడుతుంది, తోలు వేళ్ళ మధ్య మిగులుతుంది. వెడల్పు పళ్ళెం పెట్టుకో, మొదట్లో సగం గింజలు గోడకు కొడతాయి. చేతులకు పచ్చివాసన రెండు రోజులు పోదు. ఇద్దరు కూర్చుంటే గంట పని. ఒంటరిగా చేసే పని కాదిది, అందుకే నీకు చెప్తున్నాను. నీ గదిలో ఉన్న శ్రీకాకుళం కుర్రాడు వాళ్ళమ్మ వంటల గురించి ఆ గంటలో చెప్తాడు, నువ్వూ చెప్తావు. మా మెస్సు వసారాలో పిల్లలు పితికేటప్పుడు ఫోన్లు ముట్టుకోరు, రెండు చేతులూ తడిసి ఉంటాయి మరి.

వండటం తేలిక. ఎర్రగడ్డ, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, అల్లం ముక్క, ధనియాలు, రెండు చెంచాల టెంకాయ తురుము, కారం మిక్సీలో రుబ్బి, నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, ఒక టమాటా, పప్పు, నీళ్ళు పోసి మూత పెట్టు. తోలు లేని పప్పు తొందరగా ఉడుకుతుంది, గరిటె పెట్టి తిప్పితే చిదురైపోతుంది, గిన్నె పట్టుకుని కుదపాలి. రాగిసంగటి ఉంటే మంచిది. దోసెలతో కూడా బాగుంటుంది.

చిన్న సంగతులు కొన్ని. కనుమకు కోడికూర వండాలనుంటే ముందు ఇంటివాళ్ళని అడుగు, ఈ ఊళ్ళో చాలామంది ఓనర్లు మాంసం వండనివ్వరు. ఆ రోజు సెలవు దొరికితే చంద్రగిరి పక్క రంగంపేటలో పశువులను వీధుల్లో ఉరికించే పశువుల పండగ జరుగుతుంది, దూరంగా మేడ మీది నుంచి చూడు, వీధిలోకి దిగొద్దు. వంట ఏదైనా తేడా వచ్చి కడుపు మాడితే ఈ ఊళ్ళో దిగులు లేదు. కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది, మా భక్తకవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరు పెట్టిన సత్రంలో ఎవరైనా కూర్చుని తినొచ్చు. వచ్చే ఏడాది రైలు దొరకాలంటే, ఇప్పుడు రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు కాబట్టి, నవంబరు రెండో వారంలో పొద్దున ఎనిమిదికి ఫోన్ పట్టుకుని కూర్చో. లీవు కూడా అప్పుడే అడిగి పెట్టుకో.

ఇక అమ్మ సంగతి.

కాకినాడలో ఆ మొదటి పండక్కి నేను సాయంత్రం ఎస్టీడీ బూత్‌కి పోయాను. మా పల్లెలో మా ఇంట్లో ఫోను లేదు, పక్కింటికి చేసి అమ్మను పిలిపించాలి. అమ్మ పరుగున వచ్చి ఆయాసపడుతూ "తింటివా?" అంది. తిన్నాను అన్నాను. "ఏం తింటివి?" పొంగలి అన్నాను. ఆ తర్వాత ఇద్దరికీ మాట దొరకలేదు. పండగ అయిపోయింది, గిన్నెలు కడిగేశాను, ఆవిడ చెయ్యగలిగింది ఏమీ మిగల్లేదు. మీటరు తిరుగుతోంది, అవతల అమ్మ ముక్కు చీదుకోవడం వినిపిస్తోంది. ఇవతల నేనూ అంతే. మరుసటి ఏడాది కూడా రాలేకపోయాను. ఆసారి పొద్దున్నే ఏడింటికి బూత్ తెరవగానే చేసి, బియ్యం పొయ్యి మీద ఉంది, పప్పు ఎంత పొయ్యాలమ్మా అని అడిగాను. అమ్మ ఏడవలేదు. "పావు పొయ్యి, వేయించి పొయ్యి, నువ్వెప్పుడూ వేయించవు" అని కోప్పడింది. పది నిమిషాలు ఆగి మళ్ళీ చెయ్యమంది. మూడుసార్లు చేశాను. ఆ పూటంతా అమ్మ మా పక్కింటి వసారాలోనే ఫోను దగ్గర కూర్చుందట.

నీకు మీటరు లేదు, మొహం కూడా కనిపిస్తుంది. అందుకని ఆకు ముందు కూర్చుని, అన్నీ వడ్డించుకుని, ఇదిగో చూడమ్మా అని చూపించే కాల్ చెయ్యొద్దు. ఖాళీగా కూర్చుని చూడటమే అమ్మకు కష్టం. నేను పైన చెప్పిన కొలతలన్నీ నీకు తెలిసినా, దప్పళం దగ్గర ఫోను నిలబెట్టి ఆవిడనే అడుగు. ఫోను బియ్యం డబ్బాకు ఆనించు, కెమెరా నీ మొహం మీద కాదు, కత్తిపీట మీద ఉండాలి. గుమ్మడికాయ కోసేటప్పుడే చెయ్యి కాల్, ఎనిమిదింటికి. ముక్క ఎంత లావు, తొక్క తియ్యాలా వద్దా, బెల్లం ఎప్పుడు, బియ్యప్పిండా శనగపిండా, ఇవన్నీ ఆవిడకు వదిలెయ్యి. తొక్క మటుకు తియ్యొద్దంటుందనే నేను అనుకుంటున్నాను. తియ్యమంటే తీసెయ్యి.